బుడిబుడి నడకల పిల్లలతో శరత్కాలంలో కొండల విడిది: బరంపురం నుంచి జయపురం దాకా ఉన్న తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఏడాది నుంచి మూడున్నరేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో కొండల ప్రయాణాన్ని చూడాల్సిన చోట్ల జాబితాతో మొదలుపెట్టకూడదు. ఒకే గది, మూడు రాత్రులు, రోజుకు ఒక్క షికారు. అంతకు మించి ప్లాను వేయకండి. పసిపిల్లలు కొత్త చోట మొదటి రాత్రి సరిగా పడుకోరు. రెండో రాత్రికి సర్దుకుంటారు, మూడో రోజుకి ఆ ఆవరణంతా తమదే అన్నట్టు తిరుగుతారు. రోజుకో లాడ్జి మార్చే ప్యాకేజీలో ఆ మొదటి రాత్రే పదే పదే వస్తుంది, పెద్దవాళ్లకి ఒళ్లు హూనమవుతుంది.

1. తేదీలు ఎంచుకోవడం

దసరా సెలవులే అందరికీ గుర్తొస్తాయి. కానీ పసిపిల్లలతో వెళ్లేవాళ్లకి అవి చెడ్డ రోజులు. దుర్గాపూజకి బెంగాల్ నుంచి వచ్చే పర్యాటకులతో దరింగబాడి, అరకు నిండిపోతాయి, గది అద్దెలు పెరుగుతాయి. దానికి తోడు అక్టోబరు మొదటి రెండు వారాలు మన తీరానికి తుపాన్ల కాలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానలకి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఘాట్ రోడ్డుకి అసలు ముప్పు గాలి కాదు, నానిన కొండ.

అన్నిటికన్నా మంచి సమయం దీపావళి వెళ్లాక కార్తీక పౌర్ణమి దాకా ఉన్న రెండు వారాలు. వానలు చాలావరకు తగ్గిపోతాయి, కొండలింకా పచ్చగానే ఉంటాయి. కొరాపుట్ వైపు వలిసె (నూనెగింజల పంట) చేలు పసుపు పూత మీదుంటాయి. ఇంకో లాభం కూడా ఉంది: ఒడియా ఇళ్లలో చాలామంది కార్తీకమంతా నీచు ముట్టరు కాబట్టి పిక్నిక్ గుంపులు పలచగా ఉంటాయి. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, అంటే నియమం విడిచి మళ్లీ నీచు తినే రోజు. ఆ రోజు మాంసం దుకాణాల దగ్గర ఎంత రద్దీయో పిక్నిక్ చోట్ల కూడా అంతే. అక్కడి నుంచి జనవరి దాకా సౌండు బాక్సుల కాలమే. కాబట్టి పౌర్ణమి ముందురోజుకల్లా ఇల్లు చేరేలా, ఆదివారం వెళ్లి బుధవారం తిరిగొచ్చేలా చూసుకోండి. నవంబరులో కూడా అల్పపీడనాలు వస్తాయి. బయల్దేరడానికి మూడు రోజుల ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. డబ్బు వెనక్కిచ్చే గదినే బుక్ చేయండి.

2. ఎక్కడికి

మీ ఊరి నుంచి కారులో నాలుగు గంటలు దాటే చోటు వద్దు.

బరంపురం, ఆస్కా, ఛత్రపురం వాళ్లకి దరింగబాడి సరిపోతుంది. బరంపురం నుంచి ఆస్కా, సొరడ మీదుగా సుమారు 120 కి.మీ. ఎత్తు 900 మీటర్ల పైచిలుకు. కాఫీ, మిరియాల తోటలు, పైన్ చెట్ల కింద చదునైన నేల ఉంటాయి. పిల్లలకి జలపాతాల కన్నా ఆ పైన్ తోటే ఎక్కువ నచ్చుతుంది. రాలిన ఆకుల మీద పడినా దెబ్బ తగలదు.

ఏడాదిన్నర కూడా నిండని పిల్ల ఉంటే, ఇదే మొదటి ప్రయాణమైతే, అంత దూరం కూడా వద్దు. బరంపురం నుంచి 50 కి.మీ. దూరంలో తప్తపాణి వేడినీటి ఊట ఉంది. అక్కడ విడిది చేసి, ఒక పొద్దున్న చంద్రగిరి దగ్గర జిరంగ బౌద్ధ విహారానికి వెళ్లి రావచ్చు. 1960ల నుంచి అక్కడ టిబెటన్లు స్థిరపడ్డారు. 2010లో దలైలామా ప్రారంభించిన ఆ విహారం ముందు విశాలమైన ఆవరణ ఉంది, తప్పటడుగుల పిల్లలకి అది చాలు. పర్లాకిమిడి వాళ్లకీ ఈ వైపే సుఖం. మహేంద్రగిరి ఇంటి పక్కనే ఉన్నట్టున్నా, 1,501 మీటర్ల ఆ శిఖరం పిల్లలు నాలుగైదేళ్లు దాటాక చూసుకోవచ్చు. ఒక హెచ్చరిక: తప్తపాణి గంధకపు నీళ్లు పెద్దవాళ్ల చర్మానికే వేడి. పసిపిల్లల్ని ముంచకండి, గుండం గట్టున దింపకండి.

రాయగడ, గుణుపురం, జయపురం, నవరంగపూర్ వాళ్లకి కొరాపుట్–సునాబెడ–సెమిలిగుడ వైపు. కొరాపుట్ పట్టణమే 870 మీటర్ల ఎత్తున ఉంది. జయపురం నుంచి ఇరవై కిలోమీటర్ల చిల్లర. ఈ వైపు పెద్ద బలం, కొరాపుట్‌లో వైద్య కళాశాల ఆసుపత్రి ఉండటం. దరింగబాడిలో ఉన్నది సామాజిక ఆరోగ్య కేంద్రం. పెద్ద అవసరం పడితే బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి దిగాల్సిందే. ఉబ్బసం, జ్వరంతో మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న పిల్లలైతే ఈ ఒక్క కారణంతోనే కొరాపుట్‌ని ఎంచుకోండి.

3. గది: ఫోన్లో అడగాల్సినవి

వెబ్‌సైట్లో బొమ్మలు చూసి డబ్బు కట్టకండి. నేరుగా రిసార్టుకి ఫోన్ చేయండి, ఒడియాలో మాట్లాడితే జవాబులు ఇంకా సూటిగా వస్తాయి.

1. గది కింది అంతస్తులో ఉందా? గుమ్మం ముందు మెట్లెన్ని?
2. వరండా లేక బాల్కనీ రెయిలింగు కడ్డీల మధ్య సందెంత? నాలుగంగుళాలు దాటితే పిల్ల తల దూరుతుంది. అడ్డ కడ్డీల రెయిలింగైతే ఇంకా ప్రమాదం, పిల్లలకి అది నిచ్చెనే. ఫోటో తీసి పంపమనండి.
3. కరెంటు పోతే జనరేటరు గీజరుకి కూడా వస్తుందా, లైట్లకేనా? సాధారణంగా లైట్లకే. అలాగైతే వంటింటి నుంచి బకెట్టు వేడినీళ్లు ఇస్తారా?
4. గీజరు కరెంటుదా, గ్యాసుదా? గ్యాసుదై, బాత్రూం లోపలే బిగించి, గాలి పోయే దారి లేకపోతే ఆ గది వద్దు.
5. కిటికీలకి దోమతెర ఉందా?
6. ఈత కొలను ఉంటే చుట్టూ కంచె, గడియపెట్టే గేటు ఉన్నాయా?
7. రాత్రి ఏడు తర్వాత క్యాంప్ ఫైరూ పాటలూ ఎక్కడ? గది ఎంత దూరం?
8. పెళ్లి బృందం గానీ కంపెనీ బృందం గానీ ఆ తేదీల్లో ఉన్నారా?

టెంట్లు, చెట్టు మీది ఇళ్లు, అద్దాల గదులు బొమ్మల్లో ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. టెంటులో మంచు తేమ పక్కలోకి దిగుతుంది, పిల్ల రాత్రి ఏడిస్తే పక్క టెంటు వాళ్లంతా లేస్తారు. మంచానికి ఒక వైపు గోడ ఉన్న గది దొరికితే సగం బెంగ తీరినట్టే. లేకపోతే పరుపు కింద వేయించుకోండి, మొహమాటపడకండి.

గదిలో అడుగుపెట్టగానే పిల్లని ఒకరెత్తుకుని ఉండగా ఇంకొకరు మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల కళ్ల ఎత్తు నుంచి గదంతా చూడాలి. కెటిల్ వైరు వేలాడుతుంటే పైకి చుట్టండి. కింది ప్లగ్ సాకెట్లకి టేపు వేయండి. బాత్రూంలో నిండు బకెట్టుంటే ఒలికించేయండి. తల బరువు పిల్లలకి అరబకెట్టు నీళ్లు కూడా ప్రాణాంతకమే. సబ్బులు, దోమల మందు, శానిటైజరు అలమార పై అరకి. తలుపు లోపలి గడియ పిల్ల చేతికందితే, చిన్నవాళ్లే లోపల గడియ వేసుకుని ఏడవడం మామూలే. గడియ మధ్యలో గుడ్డ చుట్టి అడ్డం పెట్టండి.

ఉయ్యాల అలవాటున్న పిల్ల అయితే చీర పట్టుకెళ్లండి, కానీ సీలింగ్ ఫ్యాను రాడ్డుకి కట్టకండి. పెద్ద కొక్కెం లేకపోతే ఉయ్యాల మాట మరచిపోండి. ఇంటి దుప్పటి, పాత దిండు గలేబు తీసుకెళ్తే ఆ వాసనకే చాలామంది పిల్లలు నిద్రపోతారు. ఉతికి తీసుకెళ్లొద్దు.

4. సామాను లెక్క

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే చలి ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది. తీరంలో ఉక్కపోస్తున్నా, నవంబరు రాత్రి కొండ మీద 10 నుంచి 15 డిగ్రీలే ఉంటుందనుకుని సర్దండి. ఒక మందపాటి స్వెట్టరు కన్నా మూడు పలచటి పొరలు మేలు: లోపల నూలు బనియను, పైన నిండు చేతుల చొక్కా, ఆపైన స్వెట్టరు. మధ్యాహ్నం ఎండకి ఒక్కొక్కటే తీసేయొచ్చు. చెమటపట్టిన బట్టతో సాయంత్రపు గాలి తగలడమే జలుబంటారు మన పెద్దవాళ్లు. జలుబుకి అసలు కారణం వైరసే అయినా, తడిబట్ట మార్చమనే సలహా మాత్రం ఖాయంగా పాటించాలి. పసిపిల్ల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా త్వరగా చల్లబడుతుంది.

మంచులో ఉతికిన బట్ట ఒక రోజులో ఆరదు. అందుకని రోజుకి రెండు జతలు, అదనంగా మూడు. డైపర్లు రెండేళ్లలోపు వాళ్లకి రోజుకి ఏడు చొప్పున నాలుగు రోజులకి 28, విరేచనాలు పట్టుకుంటాయేమోనని మరో ఆరు. కొండ ఊళ్లలో మీకు కావలసిన సైజు దొరుకుతుందని నమ్మకండి. ఒక రబ్బరు షీటు, రెండు తువ్వాళ్లు, చెవులు మూసే టోపీలు రెండు, చిన్న టార్చి. స్ట్రాలరు వద్దు, మెట్టలో దాని చక్రాలు తిరగవు. నడుముకి బెల్టున్న బేబీ క్యారియరు ఉంటే చాలు. సిగ్నల్ లేక ఫోన్‌పే పని చేయని చోట్లుంటాయి, మూడు నాలుగు వేలు చిల్లరగా ఉంచుకోండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

5. దారి

అద్దె కారయితే ముందురోజే డ్రైవరుకి రెండు మాటలు చెప్పాలి. వెనక సీటు బెల్టులు సాధారణంగా సీటు కవరు కింద దూరిపోయి ఉంటాయి, వాటిని బయటికి తీయించండి. అవి లేకపోతే పిల్లల సీటు బిగించలేం. ఇక పిల్లని ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవడం వద్దే వద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బంతా పిల్లకే. వెనక తలుపులకి చైల్డ్ లాక్ వేయించండి.

బయల్దేరే వేళ పొద్దున్న ఏడు. తెల్లవారుజామున ఘాటీలో మంచు కమ్మి రోడ్డు కనపడదు. చీకటి పడ్డాక పసిపిల్లలతో ఘాటీ ఎక్కడం అనవసరపు తెగింపు. సాలూరు నుంచి సుంకి ఘాటీ మీదుగా సెమిలిగుడ ఎక్కేవాళ్లు లోడు లారీల వెనక ఇరుక్కుంటారు, గంట ఎక్కువ పట్టుకోండి. ఓవర్‌టేక్ చేయొద్దని డ్రైవరుకి మొదటే చెప్పండి.

మలుపుల్లో వాంతులు ఎందుకొస్తాయంటే, లోపలి చెవి ఒళ్లు ఊగుతోందంటుంది, ముందు సీటు వెనక భాగాన్ని చూస్తున్న కళ్లు ఏమీ కదలడం లేదంటాయి. రెండేళ్లలోపు వాళ్లకి ఈ బాధ అరుదు, రెండు దాటాకే మొదలవుతుంది. ఫోనులో బొమ్మలు చూపిస్తే ఇంకా పెరుగుతుంది. సొరడలో గానీ జయపురంలో గానీ ఘాటీ మొదలవ్వకముందే ఫోను దాచేయండి. పిల్ల సీటు కిటికీలోంచి దూరపు కొండ కనపడే ఎత్తులో ఉండాలి. ఘాటీకి గంటన్నర ముందు ఇడ్లీయో అరటిపండో పెట్టండి. కడుపు నిండా పాలు మాత్రం ఘాటీ దాటాకే. ఖాళీ కడుపూ మంచిది కాదు. వాంతి తెప్పించేది ఎక్కువగా వేగం కాదు, మాటిమాటికీ బ్రేకు, ఆ వెంటనే యాక్సిలరేటరు. మలుపుల్లో ఒకే నెమ్మది వేగంతో పోనివ్వమని డ్రైవరుని బతిమాలైనా ఒప్పించండి. వాంతి మందులు డాక్టరు రాస్తే తప్ప వద్దు. ప్రోమెథాజీన్ రెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వనే కూడదు, ఊపిరి మందగిస్తుంది.

ఒక జత బట్టలు, తువ్వాలు, నాలుగు ప్లాస్టిక్ సంచులు, నీళ్లు కాళ్ల దగ్గరే ఉండాలి. డిక్కీలో పెడితే ఘాటీ మలుపులో కారాపి దిగాల్సి వస్తుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెవులు మూసుకుపోయి పిల్లలు చిరాకు పడతారు, పావుగంటకోసారి రెండు గుక్కల నీళ్లో, పాలో తాగిస్తే తగ్గుతుంది. కోతులున్న మలుపుల దగ్గర అద్దాలు దించి బిస్కెట్లు తినిపించకండి.

బరంపురం నుంచి కొరాపుట్‌కి కారు వద్దనుకుంటే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రి ఎక్కితే పొద్దున్నే కొండల్లో ఉంటారు. కింది బెర్తు తీసుకుని పిల్లని గోడ వైపు పడుకోబెట్టండి. రాయగడ దాటాక సొరంగాలు వరసగా వస్తాయి, ఆ చీకటికి జడుసుకోకుండా బెర్తు దీపం వేసి ఉంచండి.

6. కొండ మీద రోజు ఎలా గడవాలి

ఇంటి దగ్గర ఏ వేళకి తింటారో, ఏ వేళకి పడుకుంటారో అవే వేళలు. పొద్దున్న ఎనిమిదికి టిఫిను, ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా షికారు, పన్నెండుకి అన్నం, ఆపైన నిద్ర. పిల్లలు పడుకున్న ఆ రెండు గంటలే అసలు సెలవు. ఒకరు కాపలా, ఒకరు వరండాలో కాఫీతో. మర్నాడు తారుమారు. అమ్మమ్మో నాయనమ్మో వెంట ఉంటే ఆవిడ చేత మూడు పూటలా పిల్లని మోయించకండి, ఆవిడా సెలవు మీదే వచ్చింది.

నవంబరులో ఇక్కడ ఐదుంబావు, ఐదున్నర మధ్య పొద్దు వాలిపోతుంది. నాలుగింటికి ఆవరణలోనే ఆటలు, ఐదుకల్లా లోపలికి, నిండు చేతుల బట్టలు.

స్నానం పదకొండింటికి, ఎండ ఉన్నప్పుడు. బకెట్టులో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పొయ్యాలి, మోచేత్తో చూడాలి. ఒక రోజు తడిగుడ్డతో తుడిచి ఊరుకున్నా ఏమీ కాదు.

ఇక షికార్లు. దేవమాలి (1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైనది) సూర్యోదయానికి ఎక్కాలని అందరూ అంటారు. నాలుగింటికి నిద్ర లేపిన పిల్లతో రోజంతా ఏడుపే. తొమ్మిదిన్నరకి వెళ్లండి. పైన గాలి విసురుగా ఉంటుంది, అరగంట చాలు. చలేస్తోందని చెప్పడం చిన్నపిల్లలకి రాదు, వేళ్లు కాదు, మెడ వెనక తాకి చూడండి. కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం (జగన్నాథుడి గుడి), దాని దగ్గరే గిరిజన మ్యూజియం ఒకే పొద్దున్న అయిపోతాయి. కొలాబ్ జలాశయం దగ్గర తోటలో తిప్పండి, కానీ పిల్ల కొలతకి లైఫ్ జాకెట్ లేకపోతే పడవ ఎక్కకండి. సాధారణంగా ఉండదు. డుడుమా లాంటి లోతైన జలపాతాలని రెయిలింగు నుంచి, పిల్లని క్యారియరులో కట్టుకుని చూడాలి, కిందికి దిగే ఆలోచనే వద్దు. దరింగబాడిలో మిడుబండ జలపాతానికీ అంతే: మెట్లు తడిగా ఉంటాయి, ఒకరు చూసొచ్చాక ఇంకొకరు. వలిసె చేను గట్టు మీద ఫోటో దిగండి, చేలోకి దించకండి. రైతు పంటా తొక్కినట్టవుతుంది, పూల మీద తేనెటీగలూ ఉంటాయి.

7. తిండి

రిసార్టు వంటవాడికి ముందుపూటే చెప్పాలి. లంకా (మిరపకాయ) అసలు వెయ్యకుండా దాల్మా విడిగా తీసి ఉంచమంటే ఎవరూ కాదనరు. పప్పూ, గుమ్మడీ, బంగాళాదుంపా మెత్తగా ఉడికి ఉంటాయి, అన్నంలో నెయ్యి వేసి కలిపితే పిల్లల భోజనం సిద్ధం. రాగిపిండి పావుకిలో, పెసరపప్పు–బియ్యం వేయించి కొట్టిన ఉగ్గుపొడి పావుకిలో ఇంటి నుంచే తీసుకెళ్లండి. కెటిల్ నీళ్లు పోసి కలిపితే ఉడకదు, వంటింట్లో పది నిమిషాలు పొయ్యి మీద ఉడికించి ఇమ్మనండి. పాలకి చిన్న టెట్రా ప్యాకెట్లు నయం, తెరిచాక మిగిలితే పారేయాలి.

దారిలో అమ్మే కొండ తేనె ఏడాదిలోపు పిల్ల నాలుకకి కూడా రాయకూడదు. అందులో ఉండగల బీజకణాలు ఆ వయసు పేగుల్లో విషం పుట్టిస్తాయి. ఇది సీతాఫలాల కాలం. గింజలన్నీ మీరే తీసి గుజ్జు పెట్టండి. వేరుశెనగలు, వేయించిన శెనగలు, గట్టి జామ ముక్కలు నాలుగేళ్లు దాటేదాకా వద్దు, గొంతులో అడ్డం పడతాయి.

8. చలిమంటా, మందుల సంచీ

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇది. చలిగా ఉందని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపు మూయకండి. నిప్పు మీద పొగ లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంకో దుప్పటి అడగండి.

మందుల సంచీలో: థర్మామీటరు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు, డాక్టరు రాసిచ్చిన జింకు, పారాసిటమాల్, సిరంజి కొలత, దోమల క్రీము, గాజుగుడ్డ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లు రాసి ఉందో అన్నే, లీటరుదైతే లీటరు, చిన్నదైతే 200 మి.లీ. తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు పెరిగి కీడే చేస్తుంది. పారాసిటమాల్ కిలో బరువుకి 15 మి.గ్రా. వరకు, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించకుండా. పొరపాటు జరిగేది సీసా దగ్గర: ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 120 మి.గ్రా., ఇంకోదానిలో 250. పది కిలోల పిల్లకి మొదటిది సుమారు 6 మి.లీ., రెండోది 3 మి.లీ. ఇంట్లో వాడే సీసానే తీసుకెళ్లి, డాక్టరు చెప్పిన కొలత దాని మీద పెన్నుతో రాసిపెట్టుకోండి. నాలుగేళ్లలోపు వాళ్లకి దుకాణంలో అడిగి కొన్న దగ్గు–జలుబు సిరప్ పట్టించకండి.

కుక్కో కోతో గీరినా, కరిచినా పావుగంట సేపు సబ్బు, ధారగా పోసే నీళ్లతో కడగాలి, ఆ రోజే ఇంజెక్షను మొదలుపెట్టాలి. పసుపు, సున్నం పూయకూడదు. డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తున్నా, ఆరు గంటలుగా మూత్రం పొయ్యకపోయినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా, మగతగా ఉన్నా సెలవు అక్కడితో ఆపి 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేదంటే రిసార్టు బండిలోనే బయల్దేరండి.

9. దిగి వచ్చాక

తిరుగు ప్రయాణం తొమ్మిదింటికి, మంచు విడిచాక. కొరాపుట్, రాయగడ, కంధమాల్, గజపతి కొండలు మలేరియా ఉన్న ప్రాంతాలు. అందులోనూ మెదడుకెక్కే ఫాల్సిపారం రకం ఎక్కువ. దోమ కుట్టాక జ్వరం రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే విడిదిలో ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్న పిల్లకి ఇంటికొచ్చిన పదో రోజు జ్వరం వస్తే, ఎవరూ ఆ ప్రయాణాన్ని గుర్తు చేసుకోరు. నెల రోజుల లోపు ఏ జ్వరం వచ్చినా డాక్టరుకి ముందుగా చెప్పాల్సిన మాట కొండలకి వెళ్లొచ్చామని. మలేరియా రక్తపరీక్ష అదే రోజు చేయించండి. మొదటిసారి ఏమీ లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే, మర్నాడు మళ్లీ చేయించాలి.